చచ్చిన కాలేజీలో తెర, పాట, మాట

పూర్వం మద్రాసులో సామాన్య జనం ఎగ్మూరు మ్యూజియాన్ని "చచ్చిన కాలేజీ" అనేవారు. జంతువులను ఉంచిన చోటు "బతికిన కాలేజీ". ఈ మాటలు చదువురానివాళ్ళ అమాయకత్వమని చదువుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. నాకు మాత్రం ఇంతకన్నా పదునైన కళావిమర్శ కనబడదు. బతికి వున్నప్పుడు ఒక పనికి వచ్చిన వస్తువును ఆ పనిలోంచి వూడదీసి, అద్దం వెనక పెట్టి, పక్కన చీటీ అంటిస్తే అది చచ్చినదే అవుతుంది. ఈ సంగతి ఆ జనానికి చీటీ చదవకుండానే తెలిసింది.

ఇప్పుడు ఆ చచ్చిన కాలేజీకి ప్రాణం పొయ్యాలనే ప్రయత్నం ప్రపంచమంతటా జరుగుతున్నది. పెద్ద నగరాల మ్యూజియాలు సాయంత్రాలు సినిమాలు వేస్తున్నాయి, కచేరీలు పెడుతున్నాయి, చిత్రకారులను పిలిచి మాట్లాడిస్తున్నాయి. మన నగరాల్లో కూడా ఈ అలవాటు మొదలయింది. దీన్ని గురించి మన మిత్రుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. మ్యూజియం పాలకవర్గాల సొత్తు గనక అక్కడ ఏం జరిగినా మనకు పట్టదని కొందరంటారు. కళ ఎక్కడ జరిగినా మంచిదే, ప్రశ్నలు వెయ్యటమెందుకని మరికొందరంటారు. ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పటానికే ఈ వ్యాసం.

నేను ఉద్యోగ విరమణ తరవాత వాడరేవులో వుంటున్నాను. చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో సముద్రపు వొడ్డున వున్న వూరిది. మొన్న 2022 దాకా ప్రకాశం జిల్లాలో వుండేది, అంతకుముందు 1970 దాకా గుంటూరు జిల్లాలో వుండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో వున్నది. ఇక్కడ మ్యూజియం లేదు. లైట్‌హౌసూ, పడవలూ, వలలూ, ఆదివారాలు పట్నాలనుంచి వచ్చే కార్లూ వున్నాయి. ఇక్కడ కూచుని మ్యూజియాన్ని గురించి రాయటమేమిటని పాఠకులు అడగవచ్చు. అయితే మ్యూజియాల్లోకి చేరిన సరుకు మనలాంటి చోట్లనుంచే పోయింది. సరుకు పోయిన చోటునుంచి చూస్తే మ్యూజియం మరోరకంగా కనబడుతుంది.

రెండు ఉదాహరణలు చాలు. మొదటిది అమరావతి. 1845లో వాల్టర్ ఎలియట్ అక్కడ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు పోయినాయి. వాటిలో చాలా భాగం 1859లో లండనుకు ఓడెక్కాయి. రెండోది తేలియా రుమాలు. నూలును నూనెలో, బూడిదనీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, పోగులకు ముడులు కట్టి, ఎరుపూ నలుపూ రంగుల్లో ముంచి, చీరాల మగ్గాలమీద నేసిన చదరపు గుడ్డ అది. అరబ్బు దేశాలకు అది ఓడలమీద పోయేది. ఇక్కడ మాత్రం పల్లెకారులు దాన్ని తలకు చుట్టుకున్నారు, నడుముకు కట్టుకున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో దానిమీద నేతగాళ్ళు గడియారాలు నేశారు, విమానాలు నేశారు, గ్రామఫోను కూడా నేశారు. తన కాలాన్ని చూసి బొమ్మగా మార్చగలిగినవాణ్ణి కళాకారుడు అనకపోతే ఏమనాలి? చీరాలలో ఆ పని దాదాపు అంతరించింది, తెలంగాణాలో పుట్టపాక దాన్ని నిలబెట్టింది. పాత రుమాళ్ళు మాత్రం దేశదేశాల మ్యూజియాల్లో భద్రంగా వున్నాయి.

రెండేళ్ళనాడు ఒక నగరంలోని మ్యూజియంలో పాత బట్టల ప్రదర్శన పెట్టారు. మ్యూజియం పేరు ఇక్కడ అనవసరం. శనివారం సాయంత్రం సినిమా, కచేరీ, తరవాత ఒక చిత్రకారిణి ప్రసంగం వుంటాయని విని, చీరాలలో నాకు తెలిసిన ఒక నేత పెద్దాయనను వెంటబెట్టుకు వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. చిన్నతనంలో తాతగారికి నూలు పిసికి పెట్టిన చేతులాయనవి.

సినిమా ఇరవై నిమిషాలు నడిచింది. చాలా అందంగా తీశారు. రంగునీళ్ళలో పోగు మునగటం, ఎండలో ఆరటం, మగ్గంమీద చేతులు ఆడటం చూపించారు. పెద్దాయన కళ్ళార్పకుండా చూశాడు. దీపాలు వెలిగాక నా చెవిలో అడిగాడు:

"ఆ చేతులెవరివి మాస్టారూ? మొకం చూపించలేదేం?"

నా దగ్గిర జవాబు లేదు. తరవాత వాయులీన కచేరీ అరగంట జరిగింది, బాగున్నది. ఆ పైన చిత్రకారిణి ఇంగ్లీషులో మాట్లాడింది. పాత గుడ్డముక్కలతో ఆమె చేసిన పనిలో ఆలోచన వున్నది, కష్టం వున్నది, కాదనటానికి వీల్లేదు. ప్రశ్నలడగమన్నప్పుడు పెద్దాయన చెయ్యెత్తాడు. నిర్వాహకుడు మర్యాదగానే, వేళ మించిపోయిందన్నాడు. అప్పటికి ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలయినాయి.

బయటికి వస్తుంటే ఆ అమ్మాయే పరుగున వచ్చి, "తాతగారూ, ఏదో అడగబోయారు" అన్నది. ఆయన అద్దాల పెట్టె చూపించి అన్నాడు: "అడగటం కాదమ్మా, చెబుదామని. తేలియా అని చీటీ పెట్టారే, అది అవునో కాదో వాసన చూస్తే తెలిసిపోద్ది. నూనె పట్టిన నూలుకి ఆ వాసన చచ్చినా పోదు. మీరు అద్దాల్లో పెట్టారు, ఇంక నేనేం చెప్పను?" ఆమె చాలాసేపు ఆయన చేతులు పట్టుకుని నిలబడింది. ఆ సాయంత్రం జరిగిన ప్రసంగాల్లోకల్లా గొప్ప ప్రసంగం మెట్లదగ్గిర, ముగ్గురి మధ్య జరిగింది. దాన్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు.

దీన్నిబట్టి మ్యూజియంలో సినిమాలూ కచేరీలూ దండగ అనే నిర్ణయానికి రావటం తొందరపాటవుతుంది. ఆ సినిమా లేకపోతే పెద్దాయనకు ఆ ప్రశ్న పుట్టేదే కాదు. అద్దంలో వున్న గుడ్డ ముందు ఆయన ఒక్క నిమిషం నిలబడి ముందుకు పోయినవాడు. తెరమీద చేతులు కదలగానే ఆగిపోయాడు. వస్తువులోంచి మాయమైన శ్రమను, కాలాన్ని సినిమా తిరిగి తీసుకురాగలదు. అంతవరకూ తెచ్చి, శ్రమ చేసినవాడి ముఖం దగ్గిర ఆగిపోవటంలోనే వున్నది దాని దోషం. ఇది కెమెరా కోణానికి సంబంధించిన చిన్న విషయమని కొట్టిపారేయటానికి వీల్లేదు. ముఖం లేని చెయ్యి యంత్రంలో భాగమవుతుంది. ముఖమూ పేరూ వున్న చేతికి కూలి అడిగే హక్కు వుంటుంది.

ఈ సమస్య ఇవాళ్టిది కాదు. 1955లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం భారతీయ వస్త్రాలతో, అలంకార కళలతో ఒక గొప్ప ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఆ సందర్భంలోనే అలీ అక్బర్ ఖాన్ అక్కడ సరోద్ వాయించాడు, చతుర్‌లాల్ తబలా పట్టాడు, యెహూదీ మెనూహిన్ వారిని సభకు పరిచయం చేశాడు. శాంతారావు నాట్యం చేసింది. మే నెలలో సత్యజిత్ రాయ్ "పథేర్ పాంచాలి" మొట్టమొదటిసారి ప్రదర్శితమైంది. కలకత్తాలో విడుదల ఆగస్టు చివరలో గాని జరగలేదు. ఆ మ్యూజియానికి చెందిన మన్రో వీలర్ 1954లో కలకత్తా వచ్చి, సగంలో వున్న ఆ సినిమా ఫొటోలు చూసి, పూర్తిచేస్తే మా దగ్గిర వేస్తామన్నాడు. చిత్రం పూర్తి కావటానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ గడువు అందుకోవటానికి రాయ్ బృందం రాత్రింబవళ్ళు పనిచేసింది. అక్కడివారి భాషలో కింద అక్షరాలు కూడా లేకుండానే ఫిల్ము న్యూయార్కు చేరింది.

ఈ ఒక్క సందర్భంలో మంచీ చెడ్డా రెండూ వున్నాయి. మంచిని ముందు చెప్పుకోవాలి. మార్కెట్టు పట్టించుకోని సినిమాకు మ్యూజియం చోటిచ్చింది. నిరుపేద గ్రామ కుటుంబపు కథను, భాష తెలియని సభ నిశ్శబ్దంగా చూసింది. ఇదంతా అమెరికా తన పలుకుబడి పెంచుకోవటానికి చేసిందేనని కొందరు మిత్రులంటారు. ప్రచ్ఛన్న యుద్ధపు రోజులవి. అదే ఏప్రిల్‌లో బాండుంగులో ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమయినాయి. మన దేశాన్ని మంచి చేసుకోవాలన్న కోరిక ఆ ప్రదర్శన వెనక వుండదని నేనూ అనను. అయినా ఉద్దేశం ఒకటి, ఫలితం మరొకటి కావచ్చు. ఆ తెరమీద కనిపించిన దారిద్ర్యం ఎవరి ఉద్దేశానికీ లొంగేది కాదు.

ఇక చెడ్డ. సినిమా తీసినవాడికి పేరున్నది, సరోద్ వాయించినవాడికి పేరున్నది, నాట్యం చేసినామెకు పేరున్నది. ప్రదర్శనకు మూలాధారమైన బట్టలు నేసినవాళ్ళకు పేర్లు లేవు. వారు ప్రాంతాలుగా, శతాబ్దాలుగా మిగిలారు. కళలో ఈ కులవిభజన న్యూయార్కువాళ్ళు కనిపెట్టింది కాదు, మనమూ పాటించేదే. వేదిక ఎక్కేది కళ, మగ్గంమీదది వృత్తి. మన మ్యూజియాలు ఇవాళ "కళాకారులతో ముచ్చట" అని ప్రకటించినప్పుడు కళాకారుడన్న మాటకు అర్థం ఏ గీతదగ్గిర ఆగుతున్నదో విమర్శకుడు చూడవలసి వున్నది.

ఈ సందర్భంలో మా చీరాలకు దగ్గిర సంబంధమున్న ఒక సంగతి చెప్పాలి. ఎడింబరోలో చదువుకున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో కలిసి "అభినయ దర్పణం" ఇంగ్లీషులోకి అనువదించాడు. 1917లో అది అమెరికాలో అచ్చయింది. ఆ ఏడే కుమారస్వామి బోస్టన్ లలితకళల మ్యూజియంలో భారతీయ కళావిభాగానికి అధిపతి అయినాడు. ఆ ఏడే ఆ మ్యూజియానికి ప్రాచీన సంగీత వాయిద్యాల సేకరణ ఒకటి దానంగా వచ్చింది. ఇద్దరు అనువాదకుల దారులు అక్కడ విడిపోయినాయి. ఒకరు మ్యూజియంలో వుండిపోయారు. మరొకరు 1921లో చీరాల పేరాల జనాన్ని మునిసిపాలిటీ పన్నుకు ఎదురునిలిపి, వూరు ఖాళీ చేయించి, రామనగరు పాకల్లో కాపురం పెట్టించారు. అభినయశాస్త్రం ఎరిగినవాడు వూరంతటి చేతా ఒక్క అభినయం చేయించాడు. పెట్టే బేడా నెత్తినెత్తుకుని బయటికి నడవటమే ఆ అభినయం.

కుమారస్వామి చివరిదాకా మ్యూజియంలోనే పనిచేసినా, మ్యూజియాన్ని ఆయనకన్నా గట్టిగా ప్రశ్నించినవారు తక్కువ. కళాఖండాలను అసలు ప్రదర్శించటమెందుకు అని ఆయన అడిగాడు. అవి వాడకానికి పుట్టినవి, అద్దాలకోసం పుట్టినవి కావు, చూసి మురిసిపోవటమొక్కటే వాటి ప్రయోజనం కాదు అన్నది ఆయన వాదసారం. పరిశ్రమల్లో పనిచేసేవాడికి తన పనిలో కళ లేకుండా చేసి, సెలవురోజు మ్యూజియానికి రమ్మనటం అన్యాయమని కూడా ఆయన గుర్తించాడు. ఇంతవరకూ మనం ఆయనతో నడవగలం. ఆ పైన నడవలేం. పూర్వ సమాజంలో పనీ కళా ఒక్కటిగా వుండేవని ఆయన చెబుతాడు. ఆ ఐక్యత కింద కులం వున్నదనీ, నేతగాడి కొడుకు నేతగాడే కావలసి వచ్చిందనీ, రుమాలు నేసినవాడు ఆకలితో పడుకున్న రాత్రులున్నాయనీ చెప్పడు. వస్తువును తిరిగి వాడకంలో పెట్టటమంటే పాత సమాజాన్ని తిరిగి పెట్టటం కాదు.

మ్యూజియానికి నిశ్శబ్దమే అందమనీ, సినిమాలూ పాటలూ ఆ గంభీరతను చెడగొడతాయనీ కొందరు రసజ్ఞులు బాధపడతారు. వారు అమరావతి శిల్పాలను సరిగ్గా చూడలేదని నా అనుమానం. మద్రాసులో వున్న నలగిరి శిల్పఫలకంలో ఏనుగు ఒక పక్క మదించి జనాన్ని తొక్కుతూ వస్తుంది, మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. మేడలమీదనుంచి జనం తొంగిచూస్తుంటారు. ఒకే చట్రంలో ముందు జరిగిందీ తరవాత జరిగిందీ రెండూ వున్నాయి. ఆ శిల్పి చేతిలో కెమెరా లేదు, అంతే. ఇంకో ఫలకంలో బుద్ధుడి భిక్షాపాత్రను ఆడుతూ పాడుతూ మోసుకుపోతున్నారు. స్తూపం చుట్టూ జనం తిరిగారు, కథలు విన్నారు. ఆ రాళ్ళ స్వభావం నిశ్శబ్దం కాదు. వాటిని పెరికి తెచ్చినవారు అంటగట్టిన గుణమది. ఆ ఎగ్మూరు ఆవరణలోనే 1896లో నాటకశాల కట్టారు. రాళ్ళ పక్కన రంగస్థలం కొత్త ఆలోచన కాదన్నమాట.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియాన్ని చూడండి. 1951లో తెరిచిన ఆ మ్యూజియంలో ఎన్నో దేశాల వస్తువులున్నాయి. గంట కొట్టే వేళకు జనమంతా ఒక గడియారం ముందు చేరుతారు. చిన్న గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి పోతుంది. పిల్లలు కేకలేస్తారు, పెద్దలు నవ్వుతారు. జనానికి కళపట్ల ఆసక్తి లేదనే పండితులు ఆ సమయంలో అక్కడ నిలబడి చూడాలి. జనానికి కావలసింది కదలిక, కలిసి చూడటం. ఆ అవసరాన్ని బొమ్మ తీర్చగా లేంది మనుషులు తీర్చలేరా?

పోతే, ఈ తెర, పాట, మాట కలిసి వుండటం మనకు పడమటినుంచి రావలసిన పని లేదు. తోలుబొమ్మలాటలో తెర వున్నది, దీపం వున్నది, పాట వున్నది. కథ మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి వూళ్ళో సంగతులు ఎత్తుకుంటారు. బుర్రకథ సంగతి చెప్పనే అక్కర్లేదు. కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతాడు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరో వంత రాజకీయం చెబుతాడు. కళను వివరించే మనిషిని, ప్రశ్నించే మనిషిని కళలోనే కూచోబెట్టిన రూపమది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్, ప్రజానాట్యమండలి రోజుల్లో ఈ రూపంలో ఎంత బలమున్నదో రుజువు చేశాడు. నగరపు మ్యూజియంలో నేను చూసిన ప్రసంగానికి లోపించింది రాజకీయపు వంతే. "ఆ చేతులెవరివి?" అని అడిగేవాడే ఆ వంత. ఆయన వెనక వరసలో కూచున్నాడు.

కిందటి వేసవిలో నా విద్యార్థులు కొందరు వాడరేవు వచ్చారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవైయొక్క రోజులు, మరపడవల వేటకు నిషేధం. పడవలు వొడ్డున వుంటాయి, మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ వుంటారు. ఆ రోజుల్లో ఒక రాత్రి వలల పాక ముందు దుప్పటి కట్టి "పథేర్ పాంచాలి" వేశారు. ఒక కుర్రవాడు పక్కన నిలబడి సంభాషణలు తెలుగులో చెబుతూ వచ్చాడు. అందరూ మంత్రముగ్ధులయ్యారని రాస్తే అబద్ధమవుతుంది. సగంలో చాలామంది లేచిపోయారు. పాటల్లేవని పిల్లలు విసుక్కున్నారు. అయితే గాలివాన రాత్రి, జ్వరంతో పడుకున్న దుర్గ పక్కన తల్లి కూచుని తలుపుకు అడ్డం పెట్టే ఘట్టం వచ్చేసరికి కుర్రవాడు చెప్పటం మానేశాడు. ఎవరూ చెప్పమనలేదు. తరవాత ఒక ముసలమ్మ అన్నది: "ఉప్పెననాడు మా ఇల్లు ఇట్టాగే వొణికింది. ఆ సినిమావాడు ఎప్పుడన్నా ఇట్టాంటి ఇంట్లో పడుకున్నాడా బాబూ?" ఆమె చెప్పింది 1977 నవంబరు ఉప్పెన సంగతి.

న్యూయార్కులో కింద అక్షరాలు లేకుండా చూసిన సభ ఈ చిత్రాన్ని ఎలా అర్థం చేసుకున్నదో పుస్తకాలు చెబుతాయి. ఈమె అర్థం చేసుకున్న తీరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె ప్రశ్నే నిజమైన సినిమా విమర్శ. తీసినవాడికీ తీయబడిన జీవితానికీ మధ్య దూరమెంత అని ఆమె అడిగింది. నేతపెద్దాయన అడిగిందీ అదే.

గనక మ్యూజియంలో సినిమా వద్దనటం మన పని కాదు. ఆ మాటకొస్తే సినిమాయే కాపాడుకోవలసిన వస్తువు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" ఇవాళ చూడటానికి లేదు. పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో గాని పుట్టలేదు, ఆలోగా మూకీలు చాలావరకు నాశనమయినాయి. రాయి రెండువేల ఏళ్ళు నిలిచింది, ఫిల్ము యాభై ఏళ్ళు నిలవలేదు. సినిమాను వేసేచోటూ, దాచేచోటూ, చర్చించేచోటూ కావాలి. మ్యూజియం ఆ పని చేస్తే మనం కలిసిరావాలి.

కలిసివచ్చి అడగవలసినవి అడగాలి. ప్రసంగం ఏ భాషలో జరిగినా తెలుగులో చెప్పే మనిషి వుండాలి, తెలుగులో వచ్చిన ప్రశ్నకు ముందు వేళ దొరకాలి. కూలిపనివాడు రాగల వేళకు, కొనగల ధరకు సభ పెట్టాలి. సినిమాలో కనిపించిన ప్రతి చేతికీ పేరు వెయ్యాలి. వాయులీన విద్వాంసుడికి ఇచ్చినట్టే నేతగాడికీ ప్రసంగానికి పారితోషికం ఇవ్వాలి, ఆయన చెప్పింది రికార్డు చేసి వస్తువు పక్కనే వినిపించాలి. చీటీ తప్పని ఆయన చెబితే చీటీ మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, మ్యూజియం గడప దాటాలి. ఒకప్పుడు టూరింగ్ టాకీసు గుడారం ఎత్తుకుని మన వూళ్ళన్నీ తిరిగింది. లాభంకోసం వ్యాపారి చేసిన పని, ప్రజలడబ్బుతో నడిచే సంస్థ చెయ్యలేనంటే నమ్మటం కష్టం.

ఈ కోర్కెలు మ్యూజియం అధికారులకు వాటంతట అవి తట్టవు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఆ సభలకు పోవాలి, ఒంటరిగా పోకుండా తమ వూరి పనివాళ్ళను వెంట తీసుకుపోవాలి, ప్రశ్నల వేళ వచ్చినప్పుడు తాము చెయ్యి దించి వారి చెయ్యి ఎత్తించాలి. ఆ సాయంత్రం నేను ఆ పని చెయ్యలేదు. వేళ మించిందనగానే లేచి పెద్దాయన చెయ్యి పట్టుకు బయటికి నడిపించాను. అభ్యంతరం చెప్పవలసినవాణ్ణి మర్యాద పాటించాను.

పెద్దాయన ఇప్పుడు మంచంమీద వున్నాడు. మొన్న చూడపోతే, "మాస్టారూ, ఆ చేతులెవరివో కనుక్కున్నారా?" అన్నాడు. కనుక్కుంటున్నానని చెప్పాను. ఉత్తరం రాశాను, జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ రాస్తాను.